అమ్మమ్మ కాకముందు మా అమ్మ

మా అమ్మ పోయిన వారంలో ఫ్యామిలీ గ్రూపులో వచ్చిన మెసేజీలన్నీ కూర్చుని చదివాను. ఒక్కటీ అబద్ధం కాదు. "అమ్మమ్మ ఒక్కసారి కూడా గొంతు పెంచి మాట్లాడలేదు" అని నా కూతురు రాసింది. నాయనమ్మ కలిపి పెట్టే గోంగూరన్నం గురించి తమ్ముడి కొడుకు రాశాడు. మరదలి వైపు వాళ్ళు అన్నపూర్ణ అన్నారు, ఓర్పుకు మారుపేరన్నారు. తమ్ముడి స్నేహితులు మద్రాసు ఆనవాయితీ ప్రకారం వీధి మొగదల గోడకు 'కన్నీర్ అంజలి' పోస్టరు అంటించారు. వాళ్ళు ఇంకో మెట్టు పైకెక్కి 'కోపం ఎరుగని తల్లి' అని తమిళంలో వేయించారు.

కోపం ఎరుగని తల్లి! పడమటి మాంబళంలో మా పాత ఇంటి ఓనరు ఈ రోజుకి బతికుండి ఆ పోస్టరు చూసుంటే, ఎవరో వేరే ఆవిడ పోయిందనుకుని ముందుకు వెళ్ళిపోయేవాడు.

వీళ్ళ ప్రేమ మీద నాకు అనుమానం లేదు. నా గొడవ వేరే. వీళ్ళంతా తలుచుకుంటున్నది అరవై అయిదు దాటాక మా అమ్మ ఎట్లా ఉండేదో, అది. ఎనభై మూడేళ్ళు బతికిన మనిషికి చివరి పద్దెనిమిదేళ్ళు. అంతకు ముందున్న మనిషిని, ముప్పయ్యారేళ్ళ మనిషిని, ఆ కోపిష్ఠిని, ఆ లెక్కల మనిషిని ఎవరూ తలుచుకోవడం లేదు. ఆమె కోసం ఎవరూ ఏడవలేదు. మనం అమ్మమ్మల్ని గుర్తుపెట్టుకుని అమ్మల్ని మరిచిపోతున్నామనేది నా ఫిర్యాదు. దీనివల్ల పోయినవాళ్ళకు వచ్చే నష్టమేమీ లేదు. నష్టమంతా ఇప్పుడు చిన్నపిల్లల్ని పెంచుకుంటున్న ఆడవాళ్ళకు. ఆ సంగతికి మెల్లగా వస్తాను.

ఇట్లా ఎందుకవుతుందంటే మొదటి కారణం ఫోన్లు. అమ్మ ఫోటోలు వెతికితే 2010 తర్వాతవి లెక్కలేనన్ని దొరికాయి. మనవరాలి పెళ్ళిలో నవ్వుతూ, మెరీనాలో మొక్కజొన్న కంకి పట్టుకుని, పళ్ళసెట్టు తీసేసి పిల్లల్ని నవ్విస్తూ. అంతకు ముందువి వెతికితే 1961 నాటి పెళ్ళి ఫోటో ఒకటి, ఎవరెవరివో శుభకార్యాల్లో మూలగా సగం మొహం కనబడేవి కొన్ని, 1978లో టి.నగర్ స్టూడియోలో మా నలుగురం దిగింది ఒకటి. ఆ స్టూడియో ఫోటోలో అమ్మ "ఇంకా ఎంతసేపయ్యా" అన్నట్టు కెమెరా వైపు గుచ్చి చూస్తూ ఉంటుంది. పెద్దకర్మ నాడు పెట్టడానికి అదే పెద్దది చేయిద్దామన్నాను. "ఎవరూ గుర్తుపట్టరక్కా" అన్నాడు తమ్ముడు. నిజమే. ఆ మొహం ఎరిగినవాళ్ళు ఆమెకంటే ముందే వెళ్ళిపోయారు. మా నాన్న, పక్క పోర్షన్ మామీ, రాపూరు అత్తలు, ఇంచుమించు అందరూ. ఎక్కువకాలం బతకడంలో ఉన్న చిక్కే ఇది. మన పడుచుదనానికి సాక్షులు మిగలరు.

విచిత్రమేమంటే పోయేవాళ్ళ లెక్క దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. పెద్దవయసు వాళ్ళను పాత సంగతులు చెప్పమంటే పదేళ్ళకూ ముప్పయ్యేళ్ళకూ మధ్య జరిగినవే ఎక్కువగా చెబుతారని మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఎన్నాళ్ళుగానో అంటున్నారు. అమ్మ కూడా అంతే. నిన్న ఏం తిన్నదో తడుముకునేది కానీ, పెళ్ళయి మద్రాసు సెంట్రల్‌లో దిగిన రోజున ఎవరు ఏ రంగు చీర కట్టుకున్నారో చెప్పేది. ఆమె తనను తాను పడుచుపిల్లగానే గుర్తుపెట్టుకుని పోయింది. మనం ముసలావిడగా గుర్తుపెట్టుకున్నాం. ఇద్దరూ మాట్లాడుకుంటున్నది ఒకే మనిషి గురించి కాదు.

ఆ పడుచుపిల్ల గురించి కొంచెం చెబుతాను.

అమ్మ 1942లో రాపూరు దగ్గర ఒక పల్లెలో పుట్టింది. నెల్లూరు జిల్లా అప్పటికి మద్రాసు కిందే ఉండేది కాబట్టి ఈ ఊరు ఆమెకు పరాయిది కాదు. పొట్టి శ్రీరాములు మైలాపూరులో ప్రాణం విడిచిన 1952 డిసెంబరు 15 నాటికి ఆమెకు పదేళ్ళు. మరుసటి అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు మాత్రం ఇటే ఉండిపోయింది. పెద్దవాళ్ళు 'మదరాసు మనదే' అని అరుస్తూ తిరిగిన రోజులు ఆమెకు లీలగా గుర్తు. పంతొమ్మిదేళ్ళకు పెళ్ళయి ఇక్కడికి వచ్చింది. "మనోళ్ళందరికీ రాకుండా పోయిన మద్రాసు నాకొక్కదానికే వచ్చింది" అనేది. ఈ జోకు మాత్రం చివరిదాకా వదల్లేదు.

నాన్న ఒక తెలుగు ప్రెస్సులో కంపోజిటరు. ఇప్పటివాళ్ళకు నమ్మబుద్ధి కాదు కానీ తెలుగు అచ్చుకు ఒకప్పుడు మద్రాసే పుట్టిల్లు లాంటిది. ఆంధ్రపత్రిక 1914లో దినపత్రికగా మొదలైంది ఇక్కడే. చందమామ 1947లో పుట్టింది ఇక్కడే. సినిమా స్టూడియోలు వడపళనిలో, సినిమా పత్రికలు వాటి చుట్టుపక్కల. తర్వాత ఒక్కొక్కటే విజయవాడకూ హైదరాబాదుకూ సర్దుకుని వెళ్ళిపోయాయి. మొన్నటిదాకా అన్ని రాత్రులూ వెలుగుతూ ఉండే ప్రెస్సులో ముందు నైట్ డ్యూటీ పోయింది, ఆ తర్వాత నెలలో సగం రోజులు పని పోయింది. నాన్నకు వేరే పని చేతకాదు. సీసపు వత్తులూ గుడులూ వేళ్ళతో వెతికి పేర్చడం తప్ప ఇంకేం రాదు. ఆయన దిగులుగా కూర్చున్నాడు. అమ్మ కూర్చోలేదు.

పాండీ బజారులో ఒక చీరల కొట్టుకు వెళ్ళి ఫాల్ కుట్టే పని అడిగింది.

ఈ పని గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే మా ఇంట్లో ఎవరికీ ఇప్పుడు ఇది గుర్తు లేదు. ఫాల్ అంటే ఏముంది, చీర అంచు లోపలివైపు గుడ్డపట్టీ వేసి కుట్టేయడమే కదా అనిపిస్తుంది. కొత్త పట్టీని అట్లాగే కుడితే మొదటి ఉతుకులోనే అది కుంచించుకుపోయి చీర ముడతలు లాగుతుంది. అందుకని అమ్మ రాత్రే పట్టీలన్నీ నీళ్ళలో నానేసి, తెల్లారి దండెం మీద ఆరేసి, ఇస్త్రీ చేసేది. లోపలి కొంగు చివరినుంచి జానెడు వదిలి గుండుసూదులు గుచ్చేది. కింది అంచు సులువు. పై అంచు దగ్గరే మనిషి పనితనం తెలిసేది. సూది చీర నేతలో ఒక్క పోగును మాత్రం పట్టుకుని బయటికి రావాలి. రెండు పోగులు పట్టిందా, చీర మంచివైపు చుక్కలు చుక్కలుగా కనబడుతుంది. పట్టుచీరైతే జరీ అంచు దగ్గర సూది గీసుకున్నా కొట్టువాడు ఒప్పుకోడు. దారం రంగు కుదరాలి. ట్యూబ్‌లైటు వెలుగులో నెమలికంఠమూ ముదురు నీలమూ ఒకటే అనిపిస్తాయి కాబట్టి దారం ఎంపిక పగలే, వాకిట్లో. కుట్టడం రాత్రి.

నాకు పద్నాలుగేళ్ళు. నూలు చీరలు నాకిచ్చేది, పట్టు తను తీసుకునేది. నేను కుట్టిన చీరను ఒళ్ళో తిరగేసుకుని మంచివైపు బొటనవేలితో అంచు పొడుగునా రాసుకుంటూ పోయేది. వేలికి ఎక్కడైనా కుట్టు తగిలితే ఆగేది. బ్లేడు తీసేది. నేను రెండు గంటలు కుట్టింది రెండు నిమిషాల్లో విప్పేసేది. "నీ పెళ్ళిచీర కాదమ్మే ఇది, పరాయోళ్ళది. పాడయితే డబ్బు మనమే కట్టాల" అనేది. ఓదార్పు లేదు, ముద్దు లేదు, రేపు చూద్దాంలే అనడం అసలే లేదు. మళ్ళీ కుట్టించేది. నిద్ర కళ్ళతో నేను ఏడుస్తూ కుడితే దారం తడుస్తుందని తిట్టేది. (పడమటి మాంబళం దోమల గురించి తెలిసినవాళ్ళకు ఆ రాత్రుళ్ళు ఎట్లా గడిచేవో నేను వేరే చెప్పక్కర్లేదు.)

తెల్లారి ఆ మూటను చంకన పెట్టుకుని మాంబళం స్టేషను వంతెన ఎక్కి అటువైపు దిగి కొట్టుకు నడిచేది. ఒకసారి చీర మీద ఏదో మరక ఉందని ఆ కొట్టువాళ్ళు ఆ నెల డబ్బంతా ఆపేశారు. మరక తన ఇంట్లో పడింది కాదంది. వాళ్ళు వినలేదు. అమ్మ బయటికి వచ్చి వాళ్ళ మెట్ల మీదే కూర్చుంది. దీపావళి ముందు రోజులు, లోపలికి వెళ్ళే ప్రతి మనిషీ ఆమెను దాటుకునే వెళ్ళాలి. స్కూలు నుంచి తిన్నగా అక్కడికే వచ్చిన నేను సిగ్గుతో చచ్చిపోయాను. నా క్లాసు పిల్లలెవరైనా చూస్తారని పక్క సందులో నిలబడ్డాను. సాయంత్రానికి డబ్బు ఇచ్చారు. ఆమె నోట్లు లెక్క చూసుకుని, ఇంకో రెండు రూపాయలు రావాలంది.

కోపం ఎరుగని తల్లి.

నీళ్ళ సంగతి కూడా చెప్పాలి. మద్రాసులో పెరిగిన నా వయసువాళ్ళను అడగండి, చిన్నప్పటి భయాల్లో దెయ్యాలకంటే ముందు అడిపంపు (చేతిపంపు) ఎండిపోవడమే చెబుతారు. 1983లో ఎన్టీఆర్, ఎమ్జీఆర్ కలిసి తెలుగు గంగ ఒప్పందం చేసుకున్నారు. అంతకుముందే మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్ర తలా 5 టీఎంసీలు కృష్ణా నీళ్ళు మద్రాసుకు వదులుకుంటామని మాటిచ్చి ఉన్నాయి. ఆ నీళ్ళు కండలేరు మీదుగా పూండి చెరువుకు రావాలి. కండలేరు అంటే మా అమ్మ పుట్టిన పక్కే. ఇక చూడండి, లారీ దగ్గర లైన్లో నిలబడినప్పుడల్లా "మీ ఊరి నీళ్ళు ఎప్పుడమ్మా వచ్చేది" అని అందరూ ఆమెనే అడిగేవాళ్ళు. మొదట్లో నవ్వేది. తర్వాత్తర్వాత "నేనేమన్నా కాలవ తవ్వతా ఉండానా" అని కసురుకునేది. నీళ్ళు పూండికి వచ్చేసరికి 1996 అయింది.

ఆ నీళ్ళు రాకముందు రోజుల్లో మా ఇంట్లో నీళ్ళు బంగారం కాదు, బంగారమైతే తాకట్టు పెట్టుకోవచ్చు. ఓనరు మోటారు అరగంట వేసేవాడు, అదీ తన వాటా తొట్టి నిండాకనే మిగతా ఇళ్ళకు. అమ్మ పొద్దున్నే లేచి వాళ్ళ తలుపు కొట్టి గొడవ పెట్టుకునేది. తమిళంలో పోట్లాడడం నేర్చుకుంది కానీ కోపం ముదిరితే మాత్రం నెల్లూరు భాషలోకి దిగేది, ఓనరుకు అర్థం కాకపోవడం వాడి అదృష్టం. ఒకరోజు నేను మెట్ల మీద కాలు జారి బిందెడు నీళ్ళు ఒలకబోశాను. నా మోకాలు చెక్కుకుపోయి నెత్తురు కారుతోంది. అమ్మ దాని వైపు చూడనైనా చూడలేదు. చెంప మీద కొట్టింది. ఆ తర్వాత గుడ్డ తెచ్చి మెట్ల మీది నీళ్ళు బకెట్లోకి పిండింది, గచ్చు కడగడానికి పనికొస్తాయని. ఆ తర్వాత నా మోకాలు.

పాతికేళ్ళ తర్వాత, ఇదే మనిషి, తమ్ముడు మేడవాక్కంలో కొన్న ఫ్లాటులో బాత్రూమ్ ముందు పీట వేసుకుని కూర్చుని, తమ్ముడి కొడుకు బకెట్లో కప్పులు ముంచి ఒలకబోస్తుంటే చప్పట్లు కొడుతోంది. నేను గుమ్మంలో నిలబడిపోయాను. "అమ్మా, నీళ్ళు" అన్నాను. "పోతే పోనీలే, పసిబిడ్డ" అంది.

నా వయసు ఆడవాళ్ళు చాలామంది ఇక్కడ తలాడిస్తారని తెలుసు. మనల్ని పెంచిన మనిషీ మన పిల్లల్ని ఎత్తుకున్న మనిషీ ఒకరేనా అని అందరికీ ఒకసారి అనిపించే ఉంటుంది. దీనికి మనవాళ్ళు చెప్పే కారణం వయసు. వయసు మీద పడితే మెత్తబడతారంటారు. నేనొప్పుకోను. వయసు మీద పడి రాయిలా అయినవాళ్ళను కూడా చూశాను. మా అమ్మను మెత్తబరిచింది తీరిక. తమ్ముడి జీతం, కుళాయిలో నీళ్ళు, చేతిలో బ్లేడు లేకపోవడం. మనవడు ఒలకబోసిన నీళ్ళకు బదులు ఇంకో బకెట్ పట్టుకోవచ్చు. నేను ఒలకబోసినదానికి లేదు, అంతే తేడా. ఓపిక గుణం కాదు, అది ఒకరకమైన వసతి. ఇల్లు గడిచే మార్గం ఉన్నప్పుడు వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నా కూతురికి ముప్పై నాలుగేళ్ళు. ఓ.ఎం.ఆర్.లో ఐటీ ఉద్యోగం, ఇంట్లో అయిదేళ్ళ పిల్ల. అల్లుడు మంచివాడే కానీ అతనిది కూడా అదే ఉద్యోగం, అదే టెన్షన్. ఒక రాత్రి ఫోన్ చేసి ఏడ్చింది. పిల్ల పాలు తీసుకెళ్ళి లాప్‌టాప్ మీద పోసిందట, మర్నాడు పొద్దున్నే ఏదో రిలీజ్ ఉందట, ఇది గట్టిగా అరిచేసి వీపు మీద ఒకటి వేసిందట. పిల్ల పడుకుంది, ఇది పడుకోలేకపోతోంది. "అమ్మమ్మ అయితే ఎంత ఓపిగ్గా ఉండేదో. ఒక్కసారి కూడా అరవలేదమ్మా నా మీద. నాకెందుకు రాలేదు ఆ ఓపిక?" అంది.

అప్పుడు నాకు ఒళ్ళు మండింది. కూతురి మీద కాదు, ఆ పోస్టరు మీద. ఆ గ్రూపులో వచ్చిన మాటలన్నిటి మీదా. మనం పెద్దావిడను పొగిడామనుకున్నాం. నిజానికి ఒక కొలబద్ద తయారుచేసి ఈ పిల్లల చేతికిచ్చాం. డెబ్బయ్యేళ్ళ వయసులో, మధ్యాహ్నం నిద్రపోయి లేచి, బాధ్యతలన్నీ తీరిపోయాక ఒక మనిషి చూపించిన ఓర్పుతో, ముప్పై నాలుగేళ్ళ మనిషి రాత్రి పదకొండు గంటలకు తన ఓర్పును కొలుచుకుని ఓడిపోతోంది. కొలుచుకోవాలంటే ముప్పై నాలుగేళ్ళ అమ్మమ్మతో కొలుచుకోవాలి. ఆవిడ మెట్ల మీద నన్ను చెంపదెబ్బ కొట్టి నీళ్ళు పిండుకుంది.

ఇదంతా ఫోన్లో చెప్పాను. "నువ్వు కల్పిస్తున్నావు" అంది మొదట. కల్పించడం లేదని నమ్మించడానికి సమయం పట్టింది. అందులో అమ్మ పాత్ర కూడా ఉంది. నేను ఈ సంగతులు ఎప్పుడెత్తినా మనవళ్ళ ముందు "నేనెప్పుడు కొట్టానే నిన్ను? పిల్లలు వింటా ఉండారు, అబద్ధాలాడబాక" అని మొహంలో మొహం పెట్టి చెప్పేది. చక్కగా, కళ్ళార్పకుండా. మనవళ్ళు నమ్మేవాళ్ళు. నేను నవ్వి ఊరుకునేదాన్ని, లోపల మాత్రం నవ్వు వచ్చేది కాదు.

నా కూతురు తర్వాత ఇంకో మాట అంది, దాన్ని కొట్టిపారేయలేను. "నువ్వు చెప్పే ఆవిడ నీ అమ్మ. సరే. నాకు తెలిసిన అమ్మమ్మ కూడా నిజమే కదా. ఆమెను నా దగ్గరనుంచి లాక్కోవద్దు." నిజమే. లాక్కోవడానికి నేనెవర్ని? నా పెళ్ళైన కొత్తలో నా మీద చూపించని ప్రేమ దాని మీద చూపించినప్పుడు నేను ఈర్ష్య పడ్డ మాట వాస్తవం, కాదనను. కానీ ఆ ప్రేమ ఎక్కడినుంచి వచ్చిందో, దాని వెనక ఎన్ని వందల చీరల అంచులున్నాయో తెలిస్తే ప్రేమ తగ్గుతుందా?

తమ్ముడిది ఇంకో వాదన. "పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడుకోవాలక్కా" అంటాడు. అసలు కోపం చెడ్డదని ఎవరన్నారు? ఆమె ఓనరుతో పోట్లాడబట్టే మా పోర్షన్‌కు నీళ్ళు వచ్చాయి. కొట్టు మెట్ల మీద కూర్చోబట్టే వీడి స్కూలు ఫీజు కట్టింది. మగవాడు ఇట్లా సంసారాన్ని లాక్కొస్తే గట్టి మనిషి, ఎవరికీ లొంగలేదు అని చెప్పుకుంటాం. ఆడమనిషైతే ఆ గట్టితనాన్ని చెరిపేసి ఓర్పు అని రాస్తాం. వీడికి ఆ రాత్రుళ్ళు గుర్తు లేవు. నాకంటే నాలుగేళ్ళు చిన్నవాడు, పైగా మగపిల్లాడు, ఎనిమిదింటికల్లా పడుకోబెట్టేది.

సాక్ష్యం ఉంది. అమ్మ బీరువాలో చీరల అడుగున ఆమె లెక్కల పుస్తకం దొరికింది. పొడుగాటి అట్ట నోటు, తెలుగులో గుండ్రటి రాత. తేదీ, రంగు, కొట్టు, వచ్చింది, రావలసింది. నూలుకు రూపాయిన్నర, పట్టుకు రెండున్నర. చిలకపచ్చ, వంగపండు, మిరపపండు, ఆనందా బ్లూ. గాయని ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి చీర వల్ల పేరు పడ్డ ఎం.ఎస్. బ్లూ ఎన్నిసార్లు వచ్చిందో, ఆ రోజుల్లో ఎంత మోజో ఆ పుస్తకం చూస్తే తెలుస్తుంది. కొన్ని చోట్ల నా పేరులో మొదటి అక్షరం పక్కన ఇంటూ గుర్తు ఉంది. అవి నేను కుట్టి, ఆమె విప్పినవి.

ఈ పుస్తకాన్ని మనవళ్ళెవరూ చదవలేరు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవడం రాదు. నా కూతురికి మేమే హిందీ తీసుకున్నాం, బదిలీలవుతాయని. తమ్ముడి కొడుకు స్కూల్లో చేరేనాటికి 2006 చట్టం వచ్చేసింది, ఒకటో తరగతినుంచి తమిళం తప్పనిసరి, ఇక వాడికి తెలుగు ఎక్కడ కుదురుతుంది? వాడు తమిళం బ్రహ్మాండంగా రాస్తాడు, దానికి నాకేం బాధ లేదు, ఈ ఊళ్ళో పుట్టినవాడు ఈ ఊరి భాష రాయాలి. కానీ వాళ్ళ నాయనమ్మ పడుచుదనమంతా తెలుగు లిపిలో ఉంది, ముసలితనమంతా ఫోన్ వీడియోల్లో ఉంది. వాళ్ళకు ఏది అందుతుందో వేరే చెప్పాలా? అందుకే ఆదివారాలు వీడియో కాల్‌లో నేను ఒక్కో పేజీ చదివి వినిపిస్తున్నాను. మొదట మొహమాటానికి విన్నారు. ఇప్పుడు కొట్టు బాకీ ఎప్పుడు తీర్చిందో అడుగుతున్నారు.

ఆ నోటు చివర్లో చీరల లెక్కలు కాని పేజీలు ఉన్నాయి. వాటి దగ్గరే తమ్ముడికీ నాకూ తగాదా.

మా తాత బతికుండగానే పొలం కొడుకులిద్దరికీ పంచి రిజిస్టరు చేయించాడు. తన వంతు కూడా వాళ్ళకే రాశాడు. అమ్మకు పెళ్ళిలో పెట్టిందే పెట్టడం. 1985లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు తెచ్చినప్పుడు అమ్మ ఆ వార్త ఉన్న పేపరు కత్తిరించి దాచుకుంది. కానీ ఆ చట్టం అంతకుముందే పెళ్ళయిపోయిన కూతుళ్ళకు వర్తించదు. 2005లో కేంద్రం చట్టం మార్చి పెళ్ళి షరతు తీసేసింది. ఈసారి 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరయిన పంపకాల జోలికి పోకూడదన్నారు. రెండుసార్లూ అమ్మ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. ఆ తేదీలన్నీ తన చేత్తో రాసుకుంది, కింద గీత గీసి. చట్టం లేకపోయినా న్యాయం ఉంది కదా అని పెద్ద మామయ్యను నేరుగా అడిగింది. ఇవ్వలేదు. ఆశపోతు అన్నారు. ఆమె ఆయనతో ఏళ్ళ తరబడి మాట్లాడలేదు. పిల్లలకు ఆయన ఎండాకాలం మామిడిపళ్ళ బుట్ట పంపే తాతయ్య, అంతవరకే తెలుసు.

ఆ పేజీలు చదవొద్దంటాడు తమ్ముడు. వచ్చే నెల సంవత్సరీకానికి మామయ్య వస్తున్నాడు, పిల్లలు ఏదైనా అంటే బాగుండదంటాడు. నేను ఇంకోలా ఆలోచించాను. ఇరవయ్యేళ్ళ మా అమ్మను చూసి, ఇంకా బతికున్న మనిషి ఆ మామయ్య ఒక్కడే. ఆమె కోపాన్ని నిండుగా రుచి చూసినవాడు కూడా. ఫోన్ చేశాను. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక, అమ్మ చిన్నప్పుడు ఎట్లా ఉండేది మామయ్యా అని అడిగాను.

"మీ అమ్మా? నాకంటే లెక్కలు బాగా చేసేది. నా లెక్కలు కూడా అదే చేసిపెట్టేది. ఎనిమిదో క్లాసుతో మాన్పించాడు నాయన. మూడు దినాలు అన్నం తినలా. నాయన్ని ఎదిరించి ఇంట్లో గొంతెత్తింది అదొక్కటే" అన్నాడు. ఇంకా చాలా చెప్పాడు. చెరువులో ఈత గురించి, ఎవరో మాస్టారితో వాదన పెట్టుకోవడం గురించి. ఆయన చెబుతున్న పిల్లను నేను వెంటనే గుర్తుపట్టాను.

పొలం మాట నేను ఎత్తలేదు. ఆయనే ఎత్తాడు. "అడిగింది. ఇచ్చుండాల్సింది. మీ అత్త ఒప్పుకోలా అని చెప్పుకుంటా ఉంటా కానీ, నాకూ ఇయ్యబుద్ధి కాలేదమ్మే" అన్నాడు.

సంవత్సరీకం నాడు పిల్లల్ని ఆయన దగ్గర కూర్చోబెడతాను. తమ్ముడు ఇంకా వద్దంటూనే ఉన్నాడు.